మైల లేని గూడు

మాదిగ ఇండ్లల్లకు దేవుని అర్ర ఎప్పుడొచ్చింది? చరిత్ర పుస్తకాల్లో నాకు జవాబు దొరకలేదు. మా అమ్మను అడిగితే దొరికింది.

"గుడిసెల మనం కాళ్ళు చాపి పండుకోనికే జాగ లేకపాయె. దేవునికి అర్రేడికెల్లి వస్తది బిడ్డా?" అన్నది.

మా దేవతలు ఇంటి బయటనే బతికిండ్రు. ఎల్లమ్మ యాపచెట్టు కింద, ముత్యాలమ్మ ఊరి పొలిమేరల, మైసమ్మ చెరువు కట్ట మీద. వానొస్తే మా లెక్కనే తడిసిండ్రు. ఏడాదికోపాలి బోనం వండుకొని మేమే వాళ్ళ దగ్గరికి పోయేటోళ్ళం. ఆ జాతరల డప్పు ముందు నడిచేది మాదే, బోనాల వరుసల చివర నిలబడేదీ మాదే. మొక్కు తీరకపోతే జాన్‌పహాడ్ సైదులు దర్గాకు పోయి కందూరు చేసేటోళ్ళు. మా హుజూర్‌నగర్ చుట్టుపక్కల ఊళ్ళల్ల వాడకో సైదులు, వాడకో సైదమ్మ ఉంటరంటే కారణం ఆ దర్గానే. చెట్టు కిందికి పోయినా, దర్గాకు పోయినా, ఇంట్లో గోడకు మాత్రం దేవుడు లేడు. గోడకు వేలాడింది మా నాయిన డప్పు. గోడ సందులో చెక్కి పెట్టింది ఆయన ఆరె, రంపె.

2006లో ఇందిరమ్మ ఇండ్ల పథకం మొదలయినంక మా వాడలో సిమెంటు గోడలు లేచినయి. మా నాయిన కూడా తిప్పలువడి ఇల్లు కట్టిండు. మేస్త్రీ అడగకుండానే ఒక మూలకు దేవుని గూడు పెట్టిండు. ఊళ్ళె పెద్ద ఇండ్లు కట్టి కట్టి ఆయన చెయ్యికి అదే అలవాటయింది. గూడు వచ్చినంక దాంట్లోకి క్యాలెండర్ పటాలు వచ్చినయి. పటాల వెనకనే మైల వచ్చింది. అప్పుడు నేను ఇంటర్ చదువుతున్న. "ముట్టయినవ్, గూటి దిక్కు పోకు" అనే మాట మా ఇంట్లో మొదటిసారి విన్నది అప్పుడే.

అంతకుముందు మాకు ముట్టు లేదా? మా అమ్మ నడుముకు గుడ్డ కట్టుకొని మోకాలు లోతు బురదలో నాటు వేసింది. నెలల మూడు రోజులు నువ్వు రావొద్దు, నా పొలం మైలపడుతదని ఏ ఆసామీ అనలేదు. కూలికి అడ్డం రాని మైల గూటికి అడ్డం వచ్చింది. ఒక్క చెక్క పలకంత జాగ కూడా ఇంటి ఆడపిల్లను బయటికి నెట్టగలదని నాకు అప్పుడు తెలిసింది.

ఇంకో గది సంగతి చెప్పాలె. 2019లో నాకు సెకండరీ గ్రేడ్ టీచర్ ఉద్యోగం వచ్చింది. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని, సర్కారు జీతం తీసుకున్న మొదటి మనిషిని నేనే. హుజూర్‌నగర్‌లో కిరాయికి ఇల్లు వెతికినం. మూడు ఇండ్లల్ల "మీరేమట్లు?" అన్న ప్రశ్న దగ్గరే ఆగిపోయినం. నాలుగో ఇంటాయన మంచిగనే మాట్లాడిండు, "టీచరమ్మా" అని మర్యాద ఇచ్చిండు. తాళం చెవులు ఇచ్చేటప్పుడు ఒక్క చెవి మాత్రం తీసి జేబులో వేసుకున్నడు. "పూజ రూము మాత్రం మాకే ఉంటది, దాంట్ల మా సామాన్లున్నయి" అన్నడు. నాలుగేండ్లు ఆ తాళం ముందు నుంచే వంటింట్లోకి పోయినం, వచ్చినం. కిరాయి మొత్తం ఇంటికి కట్టినం. గుడి బయట నిలబెట్టిన సంగతి మా తాతలు చెప్పంగ విన్నం. ఇంటి లోపల కూడా గుడి బయటనే నిలబెట్టొచ్చని మేం చూసినం.

అందుకే సొంతంగ రెండు అర్రల ఇల్లు కట్టుకునేటప్పుడు దేవుని గది వద్దన్న. బుద్ధుని కోసం ఒక పలక కావాలన్న. మా టీచర్ల సంఘంలో ఒక మిత్రుడు నవ్విండు. "ఒక పటం తీసి ఇంకో పటం పెడితే ఏమొస్తది మేడం?" అన్నడు. మంచి ప్రశ్న. సంఘాల్లో తిరిగే పిల్లలు ఇప్పటికీ నన్ను అదే అడుగుతరు. దానికి జవాబు కొంత చరిత్రల ఉంది, కొంత మా ఇంట్ల ఉంది.

బాబాసాహెబ్ అంబేడ్కర్ 1954 డిసెంబర్ 25న పుణె దగ్గర దేహు రోడ్డులో బుద్ధ విగ్రహం ప్రతిష్ఠించిండు. రంగూన్ నుంచి తెచ్చిన విగ్రహం అది. రెండేండ్లు తిరగకముందే 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో లక్షల మందితో బౌద్ధం తీసుకున్నడు. ఆయన ఇచ్చిన 22 ప్రతిజ్ఞలు చదవని అంబేడ్కరిస్టు ఉండడు. బ్రహ్మ, విష్ణు, మహేశ్వరులను కొలవనని మొదలై, రాముడు, కృష్ణుడు, గౌరి, గణపతి దాకా పోతయి. బుద్ధుడు విష్ణువు అవతారమనేది ఒట్టి అబద్ధమని అందులో ఉంది. శ్రాద్ధం పెట్టనని ఉంది, బ్రాహ్మణునితో ఏ కర్మా చేయించనని ఉంది, మనుషులంతా సమానమని నమ్ముతనని ఉంది. దేవుణ్ణి మార్చుకుంటే సరిపోతదనుకుంటే ఆయనకు ఇన్ని ప్రతిజ్ఞలు ఎందుకు? ఇంట్లో జరిగే పనులు మారాలె, ఎవరు ఎవరిని ముట్టుకోవచ్చన్న లెక్క మారాలె. ప్రతిజ్ఞల్లో సగం ఇంటి లోపలి పనుల గురించే ఉన్నయి.

మన దిక్కు కూడా ఈ మాట కొత్తది కాదు. మాదరి భాగయ్యగ పుట్టి, హైదరాబాద్‌లో అంటరాని పిల్లలకు బడులు పెట్టిన భాగ్యరెడ్డివర్మ తన కాలంలోనే బుద్ధ జయంతి జరిపిండు. ఆయన 1939లో చనిపోయిండు. నాగపూర్ దీక్షకు అది పదిహేడేండ్ల ముందు మాట.

మా ఇంటికి బుద్ధుడు ఇంకో తొవ్వన కూడా వచ్చిండు. మా తాత నాగార్జునసాగర్ డ్యాం కాడ రాళ్ళు మోసిండు. డ్యాంకు 1955 డిసెంబర్ 10న పునాది రాయి పడ్డది. అంతకు ఏడాది ముందు, 1954లనే, మునిగిపోయే లోయలో పెద్ద ఎత్తున తవ్వకాలు మొదలైనయి. ఇక్ష్వాకుల విజయపురి, స్తూపాలు, విహారాలు, చైత్యగృహాలు బయటపడ్డయి. 1960 దాకా తవ్విండ్రు. దొరికిన వాటిల కొన్నిటిని కొండ మీదికి తరలించి మళ్ళ కట్టిండ్రు, మిగిలిన లోయ నీళ్ళ కిందికి పోయింది. అటు నాగపూర్‌లో బాబాసాహెబ్ బుద్ధుణ్ణి మనుషుల్లోకి తెస్తున్న ఏండ్లల్లనే, ఇటు కృష్ణ ఒడ్డున బుద్ధుని ఊరు నీళ్ళల్లకు పోయే ఏర్పాటు జరిగింది. మా తాతకు ఈ రెండూ తెల్వవు. ఆయనకు తెలిసింది కూలి, ఎండ, తట్ట. 1967లో కాల్వలకు నీళ్ళు వదిలిండ్రు. ఎడమ కాల్వ మా హుజూర్‌నగర్ భూముల్లోకి వచ్చింది, వరి పండింది. భూములున్నోళ్ళు రైసు మిల్లులు పెట్టిండ్రు. రాళ్ళు మోసినోళ్ళు అదే కాల్వ కింద నాట్లేసే కూలోళ్ళయిండ్రు. మేం తాగిన నీళ్ళ కింద మా చరిత్ర ఉన్నదని చెప్పే బడి అప్పుడు మాకు లేదు.

ఉద్యోగం వచ్చినంక నేను ఫణిగిరి పోయిన. మా సూర్యాపేట జిల్లా నాగారం మండలం ఊరది. 2016 దాకా నల్లగొండ జిల్లానే. పాము పడగ లెక్క లేచిన కొండ మీద స్తూపం, విహారాలు ఉన్నయి. నిజాం కాలంలో 1940లల్లనే ఒకసారి తవ్విండ్రు. మళ్ళ 2001 నుంచి తవ్వితే గొప్ప తోరణాలు బయటపడ్డయి. 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంల పెట్టిన తొలి బౌద్ధ కళ ప్రదర్శనకు ఫణిగిరి శిల్పాలు కూడా పోయినయి. 2024లో మట్టి కుండలో 3,730 సీసపు నాణేలు దొరికినయి. జిల్లా దాటని మా పిల్లలకు ఈ కొండ చూపెట్టాలని నాకు ఆశ.

ఆ కొండ మీద నన్ను ఆపేసింది బుద్ధుని పాదాలు. తొలి కాలపు బౌద్ధులు బుద్ధుణ్ణి మనిషి రూపంలో చెక్కలేదు. ఖాళీ ఆసనం, బోధి చెట్టు, ధర్మచక్రం, రెండు పాదాలు, వీటితోనే ఆయనను గుర్తు చేసుకున్నరు. అమరావతిల, ఫణిగిరిల ఆ గుర్తులు కనబడతయి. అంటే పటం కూడా తప్పనిసరి కాదు. పాదాలు ఉన్నయంటే ఒకాయన ఈ తొవ్వన నడిచిండని అర్థం. నడిచినాయనను మొక్కులు అడగలేం, ఆ తొవ్వన మనం నడవాలె.

ఇంకొక రాయి సంగతి చెప్పకుండ ఉండలేను. అమరావతి స్తూపం దగ్గర దొరికిన దాన శాసనాల్లో విధిక అనే ఆయనది ఒకటుంది. ఆయన వృత్తి శాసనంలనే రాసి ఉంది. చమ్మకారుడు, అంటే తోలు పని చేసేటాయన. పూర్ణఘటం చెక్కిన పలక ఒకటి స్తూపానికి ఇచ్చిండు. ఆయన తండ్రి పేరు నాగ, ఉపజ్ఝాయుడు, అంటే చదువు చెప్పేటాయన. ఆ దానంలో విధిక ఒక్కడే లేడు. తల్లి ఉంది, భార్య ఉంది, అన్నదమ్ములున్నరు, కొడుకు ఉన్నడు, బిడ్డలున్నరు, చుట్టాలు, స్నేహితులు ఉన్నరు. ఆనాటి చమ్మకారుడే ఈనాటి మాదిగ అని నేను గీత గియ్యను. కులం ఇప్పటి తీరుగ గట్టిపడ్డది తర్వాత. కానీ తోలు పని చేసే ఇంటోళ్ళు అందరు కలిసి, తమ పేరుతో, తమ పని పేరుతో ఒక పవిత్ర స్థలానికి రాయి ఇచ్చిండ్రు, దాన్ని తీసుకున్నరు, స్తూపానికి పెట్టిండ్రు. మైలపడ్డదని ఎవ్వరూ దాన్ని పక్కకు వెయ్యలేదు. చదువు చెప్పే తండ్రి, తోలు పని చేసే కొడుకు ఒకే వాక్యంలో ఉన్నరు. తోలు పని చేసే నాయినకు పుట్టి చదువు చెప్పే పనికి వచ్చినదాన్ని, ఆ వాక్యం నాకేమయితదో మీరే అర్థం చేసుకోండ్రి.

కొత్త ఇంట్లో పలక బిగించిన రోజు 2023 అక్టోబర్ 14. నాగపూర్ దీక్ష రోజు అని మా ఆయన ఆ తేదీ పెట్టిండు. దసరా సెలవులు కూడా వచ్చినయి. తీరా చూస్తే అదే రోజు పెత్రమాస, అదే రోజు ఎంగిలిపూల బతుకమ్మ. అమ్మ కోపానికొచ్చింది. "అమాస నాడు, పెద్దలకు పెట్టే నాడు, ఇంట్ల ఇదేం పనే?" అన్నది. శ్రాద్ధం వద్దన్న ప్రతిజ్ఞ గురించి చెప్పిన.

"మనమెప్పుడు పెట్టినం శ్రాద్ధం? బియ్యం తీస్కపోను మన వాడకు అయ్యగారెప్పుడన్న వచ్చిండా? మనం వండుకొని, మీ తాతను, మీ నాయినను తలుసుకొని తింటం. గది కూడా వద్దంటదా నీ పుస్తకం?" అన్నది.

వద్దనదు. చనిపోయినోళ్ళను తలుచుకొని బతికున్నోళ్ళం కలిసి తినుడుకు ఏ ప్రతిజ్ఞ అడ్డం లేదు. ఆ రోజు వండినం, పక్కింటోళ్ళను పిలిచినం.

తర్వాత అసలు పంచాయితి ఎల్లమ్మ మీద వచ్చింది. "ఎల్లమ్మను ఏం జేస్తవ్?" అన్నది అమ్మ. మా వాడలో పిల్లలకు చెప్పే కథ ఇది: పరశురాముడు గొడ్డలి పట్టుకొని తరుముతుంటే ఎల్లమ్మ మాదిగింటికి ఉరికొచ్చి తోలు నానబెట్టే లందలో దాక్కున్నది. ఊరంతా ముక్కు మూసుకొని పక్కకు జరిగే లంద ఆమెను కాపాడింది. "మన లందల దాచిన తల్లిని మనమే ఎల్లగొడుదమా?" అన్నది అమ్మ. నేను ఎల్లమ్మను ఎల్లగొట్టలేదు. ఆమె యాపచెట్టు కింద ఉన్నది, అమ్మ పోతది, నేనూ తోడు పోత. కాకపోతే జోగినులను చేసిన ఆచారం కూడా ఆ దేవత పేరు మీదనే నడిచింది. మన ఆడపిల్లలను ఊరి సొమ్ము చేసిన ఆచారం అది. 1988లో దాన్ని నిషేధిస్తూ చట్టం వచ్చింది. ఆ కథలో లంద మనది, ఆ ఆచారంలో బలి కూడా మనదే. ఈ రెండూ నా బిడ్డకు చెప్తున్న. మొదటిది చెప్పి రెండోది దాస్తే అది చరిత్ర కాదు.

ఇగ పలక మీద ఏమున్నదో చెప్తా, పెట్టుకోవాలనుకునేటోళ్ళకు పనికొస్తది. గోడకు రెండు ఇనుప కొక్కేలు కొట్టి, వాటి మీద మూడు ఫీట్ల టేకు చెక్క. చిన్నపిల్లకు కూడా అందే ఎత్తు. దాని మీద ఉతికిన తెల్ల బట్ట. నడుమ బుద్ధుని పటం, పక్కన బాబాసాహెబ్ పటం. ఒక స్టీలు గిన్నెల నీళ్ళు, పూలు, ఒక కొవ్వొత్తి, అగరొత్తి. పూలు పొద్దుగూకే వరకు వాడిపోతయి, మన ఒళ్ళు కూడా అంతే అని గుర్తు. వెలుగు జ్ఞానానికి గుర్తు. వాసన శీలానికి గుర్తు, గాలికి ఎదురుగా కూడా మంచి మనిషి పేరు పోతదని చెప్తరు. మా మొదటి పూలు ఆ రోజు బతుకమ్మకు తెచ్చిన తంగేడు, గునుగు. కొబ్బరికాయ లేదు, కుంకుమ లేదు, హారతి లేదు. ముగ్గురం నిలబడి త్రిశరణం, పంచశీల చెప్పుకుంటం. చంపను, దొంగతనం చెయ్యను, తప్పుడు సంబంధం పెట్టుకోను, అబద్ధమాడను, మత్తు తాగను. ఐదోది మా వాడల్ల ఎంత పెద్ద మాటో వేరే చెప్పక్కరలేదు. మా ఆయన ఆ రోజు నుంచి సీసా ముట్టలేదు.

పలక కింద ఇంకో చిన్న పలక ఉంది. దాని మీద 'బుద్ధుడు - ధమ్మం' పుస్తకం, రాజ్యాంగం పుస్తకం ఉన్నయి. వాటి పక్కన మా నాయిన ఆరె ఉంది. అది నేను పెట్టలేదు. అందరం అన్నం తింటుంటే అమ్మ తన పెట్టెల నుంచి తీసుకొచ్చి, తుడిచి, పెట్టింది. "ఈడ పెడితే తప్పా?" అని ఎవర్నీ అడగలేదు.

దుకాణాల్లో దొరికే బుద్ధుళ్ళ గురించి ఒక మాట. పెద్ద పొట్టతో నవ్వే బొమ్మ బుద్ధుడు కాదు, చైనాల పేరున్న ఒక సన్యాసి రూపమది. డబ్బులొస్తయని షోకేసుల పెట్టుకునేది మన పని కాదు. సర్కారు బుద్ధుళ్ళు కూడా ఉన్నరు. హుస్సేన్‌సాగర్ నడుమ నిలబెట్టిన బుద్ధుణ్ణి మన పాత నల్లగొండ జిల్లా రాయగిరి రాయితోనే చెక్కిండ్రు. 1990లో తరలించేటప్పుడు పడవ ఒరిగి మనుషులు చనిపోయిండ్రు, విగ్రహం నీళ్ళల్ల పడ్డది, 1992లో పైకి తీసిండ్రు. నాగార్జునసాగర్ దగ్గర 2022లో బుద్ధవనం తెరిచిండ్రు. చూడాలె, పిల్లలకు చూపెట్టాలె. కానీ టికెట్ కొని చూసే బుద్ధుడు మన ఇంట్ల మైలను తియ్యడు. ఆ పని మనమే చెయ్యాలె.

చాలామంది విద్యార్థులు భయపడే సంగతి ఇంకోటి ఉంది. బౌద్ధం తీసుకుంటే రిజర్వేషన్ పోతదా? పోదు. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు హిందువులకే అన్నది. 1956లో సిక్కులను, 1990లో చట్టం సవరించి బౌద్ధులను కలిపిండ్రు. 1956లో బౌద్ధం తీసుకున్నోళ్ళు ముప్పై నాలుగేండ్లు ఈ హక్కు కోసం కొట్లాడవలసి వచ్చింది. క్రైస్తవం తీసుకున్న మనోళ్ళకు ఆ హక్కు ఇంకా లేదు. మా మేనత్త చర్చికి పోతది. మా పలక ముందుకొచ్చి కండ్లు మూసుకొని తన ప్రార్థన చేసుకుంటది. ఆమెను ఎవరూ ఆపరు. బడిలో పిల్లలను చేర్చుకునేటప్పుడు మతం అనే గడి దగ్గర అడగకుండనే 'హిందూ' అని రాసే అలవాటు ఉంది. నా దగ్గరకొచ్చే ఫారాల్లో నేను తల్లిదండ్రులను అడిగి రాస్త.

ఇప్పుడు ఆ మిత్రుని ప్రశ్నకు జవాబు. పటం మారితే ఏమొస్తది? పటం మారితే ఏమీ రాదు. పోయిన ఏడాది మా బిడ్డ పెద్దమనిషి అయింది. చుట్టాలు వచ్చిండ్రు, మూలకు చాప వేసి కూసోబెట్టమన్నరు, పదకొండు రోజుల లెక్క చెప్పిండ్రు. "ఆ బుద్ధుని గూటి దిక్కు మాత్రం పోనియ్యకు" అన్నరు. వాళ్ళు చెడ్డోళ్ళు కాదు, మా ఇందిరమ్మ ఇంట్లో గూడు నేర్పిన మాటనే వాళ్ళూ అన్నరు. రెండో రోజు పొద్దున పిల్ల లేచి, తానం చేసి, పలక మీద గిన్నె తీసి నీళ్ళు మార్చింది. వాడిన పూలు తీసి కొత్తవి పెట్టింది. రోజూ ఆమె చేసే పనే అది. అర్రంత సప్పుడు లేకుండ అయింది. చుట్టాలు మా అమ్మ మొఖం దిక్కు చూసిండ్రు.

మా అమ్మ లేచి పోయి కొవ్వొత్తి తీసి మనవరాలి చేతికిచ్చింది. "అంటించు" అన్నది.

బుద్ధుడు వచ్చినా గూడు పాత గూడే అయితే దాన్ని గోడకెల్లి పీకేయాలె. ఇది నేను సంఘం మీటింగుల్లో చెప్తున్న. మీరు పెట్టుకునే పలకను ఇంట్ల అందరూ ముట్టుకోవాలె. ముట్టయిన బిడ్డ, పాకీ పని చేసొచ్చిన తండ్రి, చర్చికి పోయే మేనత్త, కులాంతరం చేసుకొని వచ్చిన కోడలు, ఎవరైనా. తాళం వెయ్యొద్దు. ఒక్కరే పూజారి కావొద్దు, రోజుకొకరు నీళ్ళు మార్చండ్రి. పలక మీద మీ ఇంటి పని ముట్టు ఒకటి పెట్టండ్రి, అది ఆరె కానీ, కొడవలి కానీ, చీపురు కానీ.

విధిక తన ఇంటోళ్ళందరినీ రాయి మీద రాయించిండు. మేం మా పలక కింది దిక్కు పెన్నుతోటి రాసినం. మా తాత పేరు, రాళ్ళు మోసిండని. నాయిన పేరు, తోలు పని చేసిండని. అమ్మ పేరు, నాట్లేసిందని. తర్వాత మా ముగ్గురి పేర్లు. చదువు రాని అమ్మ తన పేరు ఏ వరుసలో ఉందో అడిగి, వేలు పెట్టి చూసుకున్నది. ఇంకా జాగ ఉంది.